చెల్లని రెండు వందల పన్నెండు

ఎం.ఏ. రెండో సంవత్సరంలో పరిశోధన పద్ధతుల పేపర్లో ఒక ప్రశ్న వచ్చింది. సర్వేకి వెళ్లినవాళ్లు ఇంట్లో కూర్చుని దొంగ ఫారాలు నింపితే పట్టుకోవడం ఎలా, ఒక ఉదాహరణతో రాయండి అని. నేను రాసిన ఉదాహరణ మా అమ్మ. పదిహేనుకు పద్నాలుగున్నర మార్కులు వేశారు. ఆ అర మార్కు ఎందుకు తగ్గించారో ఇప్పటికీ తెలియదు, నాకు తెలిసినంత బాగా ఆ కథ క్లాసులో ఇంకెవరికీ తెలియదు మరి.

పాఠ్యపుస్తకంలో అమ్మ పేరు లేదు. ఫారాలు నింపడానికి పంపినవాళ్లలో ఒకరిగా 'ఎన్యూమరేటర్ డి' అని మాత్రం ఉంది. ప్రొఫెసర్ త్రినాథరావు గారు చాలా ఏళ్ల కిందట బొడ్డవలసలో జీడిపప్పు కార్ఖానాల ఆడవాళ్ల మీద చేసిన సర్వే అది. పద్నాలుగు వందల ఇరవై ఫారాలు. జవాబులు చెప్పిన ఆడవాళ్లు చివర బొటనవేలి ముద్ర వేశారు. ప్రొఫెసర్ గారు ఆ ముద్రలన్నిటినీ స్వయంగా భూతద్దం పెట్టి చూశారు. ముద్రలో గీతలు కనిపించకపోతే ఆ ఫారం చెల్లదని నియమం పెట్టుకున్నారు. అలా చెల్లనివి రెండు వందల పన్నెండు తేలాయి. అన్నీ ఒక్క ఎన్యూమరేటర్ తెచ్చినవే. మనిషి వేలు కాకుండా ఏ రబ్బరు ముక్కో సిరాలో ముంచి అద్దేసి ఉంటుందని తేల్చి, ఆ అమ్మాయిని పనిలోంచి తీసేశారు. పుస్తకం చివర అనుబంధంలో ఈ సంగతి రెండు పేజీలు రాశారు. పుస్తకానికి పేరొచ్చింది ఆ రెండు పేజీల వల్లే. 'త్రినాథరావు వడపోత' అని దాన్ని మూడు తరాల విద్యార్థులకు నేర్పారు.

ఆ పాఠం చెప్పిన రోజు క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎవరైనా నా మొహంలోకి చూస్తారని భయం. అమ్మ పెళ్లికి ముందు బొడ్డవలస సర్వేలో పనిచేసిందనీ, మధ్యలో మాన్పించారనీ నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. లెక్క కట్టుకోవడానికి రెండు నిమిషాలు పట్టలేదు.

ఇంటికొచ్చి ఒకే ఒక్క మాట అడిగాను. "అమ్మా, ఆ బొడ్డవలస ఫారాలు నువ్వు ఇంట్లో కూర్చుని రాశావా?"

అమ్మ కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతోంది. చెయ్యి ఆపి నా వైపు చూసింది. "నీకూ అనుమానమేనేటి?" అంది.

అంతే. ఆ తర్వాత పద్నాలుగేళ్లు ఆ ఊసు ఇద్దరం ఎత్తలేదు. వేలిముద్రల సంగతి నేను చెప్పనే లేదు. నువ్వు రబ్బరు ముక్క అద్దావని పుస్తకంలో రాశారమ్మా అని ఏ నోటితో చెప్పను? ఆవిడకి అప్పట్లో వచ్చింది మూడు వాక్యాల ఉత్తరం. ఫారాలు ప్రమాణాలకు తగినట్టు లేవు, రేపట్నుంచి రానక్కర్లేదు అని. ఎందుకో లేదు. పుస్తకం ఇంగ్లీషులో వచ్చింది. అమ్మ దాన్ని ఎన్నడూ చూడలేదు.

అమ్మ ఆ తర్వాత విశాఖపట్నంలో కలెక్టరాఫీసు ప్రహరీ పక్కన బల్ల వేసుకుని అర్జీలు రాసింది. ఇప్పటికీ రాస్తోంది. ఆవిడకో అలవాటుంది. రాస్తున్న ప్రతి మాటా రాస్తూనే పైకి చదువుతుంది. "ఎదరోళ్లకి సదువు రాకపోతే ఏటి, సెవులున్నాయి కదా" అంటుంది. అర్జీదారు మధ్యలో అలా కాదు ఇలా అంటే కొట్టేసి మళ్లీ రాస్తుంది. ఆవిడ రాసిన అర్జీల్లో కొట్టివేతలు ఎక్కువ, గుమస్తాలు విసుక్కుంటారు.

నా యంత్రం పుట్టింది ఆ బల్ల దగ్గరే. ఒకరోజు పక్కనుంచి లారీ వెళ్తే అమ్మ రాస్తున్న అక్షరం వణికింది. బి.ఎస్సీ. ఫిజిక్స్ చదివి, తర్వాత బుద్ధి మారి సామాజికశాస్త్రంలో పడ్డదాన్ని. లారీ వణికిస్తే గొంతు మాత్రం వణికించదా అనిపించింది. బాల్‌పెన్ను కాగితం మీద గీత గీయడం కాదు, గాడి తవ్వుతుంది. కాగితం కింద ఉండే అట్ట చుట్టుపక్కల మాటలకి సన్నగా అదురుతూనే ఉంటుంది. ఆ అదురు గాడి అడుగున మిగిలిపోతుంది. వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉంటుందేమో. దాని మీద సన్నటి వెలుగు నడిపించి మళ్లీ మాటగా మార్చడానికి నాకు ఆరేళ్లు పట్టింది. దానికి గాడిచెవి అని పేరు పెట్టాను. ల్యాబులో గిట్టనివాళ్లు గాడిద చెవి అంటారు.

ఒక ఇబ్బంది ఉంది. పెన్ను కాగితం మీద కదులుతున్నంతసేపే వినపడుతుంది. అంటే ప్రశ్నా వినపడదు, జవాబూ వినపడదు. జవాబు రాసుకుంటున్నప్పుడు చుట్టూ ఎవరేమన్నారో అది వినపడుతుంది. నిజం ఉండేది అక్కడేనని మొదటి నెలలోనే అర్థమైంది. మీ ఆయన తాగుతాడా అన్న ప్రశ్నకి లేదని రాసి ఉంటుంది. ఆ 'లేదు' గాడిలో ఒక చిన్నపిల్ల గొంతు, నిన్న పడిపోయాడు కదమ్మా అంటుంది. నలభై గ్రామాలు తిరిగి చేశామన్న ఒక సర్వేలో నలభై గ్రామాలకీ ఒకటే హోటలు, ఒకటే బాయిలర్ బుసలు. ఇలా నాలుగేళ్లలో పేరున్న పుస్తకాలు ఏడు కూలాయి. ఒక పెద్దాయన ఆ దిగులుతో మంచం పట్టారు. క్యాంటీన్లో నేను కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. తప్పులు పట్టడం నా పని, పట్టాక మనుషులేమవుతారన్నది నేను చూసుకోలేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

పాత పుస్తకం ఆధారంగా ప్రభుత్వం ఏదైనా నిర్ణయించాలంటే ముందు ఆ పుస్తకం పద్ధతి సరైనదో కాదో నేను పనిచేసే పరిశోధన సంస్థ తేల్చాలని నియమం వచ్చింది. ఆ నియమం కిందే ఒక సోమవారం నా బల్ల మీదికి బొడ్డవలస ఫైలు వచ్చింది. జీడిపిక్కలు కొట్టేవాళ్ల చేతుల జబ్బును పనివల్ల వచ్చే జబ్బుల జాబితాలో చేర్చాలా వద్దా అన్నది సమస్య. చేరిస్తే వైద్యం దొరుకుతుంది, చేతికి తొడుగులు ఇచ్చి తీరాలి. ఇన్నేళ్లుగా చేర్చకపోవడానికి కారణం ఒక్కటే. త్రినాథరావు గారి పుస్తకంలో నూటికి తొంభైమంది ఆడవాళ్లు చేతులకి ఏ ఇబ్బందీ లేదని చెప్పారు.

ఫైలు పట్టుకెళ్లి మా డైరెక్టర్ ఫిరోజా గారికి తిరిగి ఇచ్చేశాను. "మేడమ్, ఇది నేను చేయకూడదు. ఎన్యూమరేటర్ డి మా అమ్మ."

ఆవిడ కళ్లద్దాలు తీశారు. "ఎప్పట్నుంచి?"

"పుట్టినప్పట్నుంచీ."

"నవ్వించకు విరజా." ఆవిడ కాసేపు ఫైలు తిప్పారు. "ఆ యంత్రాన్ని నువ్వు తప్ప ఎవరూ సరిగ్గా నడపలేరు. నువ్వు నడుపు, వినేది మాత్రం మేం. చెల్లినవీ చెల్లనివీ అన్నీ కలిపేసి కొత్త నంబర్లు వేయిస్తాను. వినేవాళ్లకి ఎవరు తెచ్చిన ఫారమో తెలియదు. నీకు హెడ్‌ఫోన్స్ ఉండవు. ఫలితం మీ అమ్మకి వ్యతిరేకంగా వస్తే?"

"వచ్చింది వచ్చినట్టే రాయండి," అన్నాను. అనడం అన్నాను గానీ నాకు భయమే ఎక్కువ, నమ్మకం తక్కువ. కన్నతల్లి మీద నమ్మకం తక్కువని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఫారాలన్నీ సంస్థ నేలమాళిగలో ఇనుప ట్రంకుల్లో ఉన్నాయి. చెల్లనివి కూడా పారేయకూడదనీ, ఎవరైనా తిరిగి చూడాలనుకుంటే దొరకాలనీ త్రినాథరావు గారు ఈ సంస్థలోనే పనిచేసి రిటైరయ్యేటప్పుడు రాసిపెట్టి వెళ్లారు. ఆ మాట దగ్గర మాత్రం ఆయనకి దండం పెట్టాలి.

మూడు వారాలు కాగితం వెనక కాగితం యంత్రంలో పెట్టాను. గాజు అవతల ముగ్గురు చెవులకి తగిలించుకుని రాసుకుంటూ కూర్చున్నారు. వాళ్ల మొహాల్లో ఏమైనా తెలుస్తుందా అని చూసేదాన్ని, ఏమీ తెలిసేది కాదు. ఇరవై రెండో రోజు ఫిరోజా గారు పిలిచి తలుపు వేశారు.

"పాత నంబర్లతో సరిచూశాం. చెల్లిన ఫారాలన్నిట్లోనూ ఫ్యాను చప్పుడుంది. ఎవరో ఒక మగమనిషి, తర్వాతి అమ్మాయి రా, తర్వాతి అమ్మాయి రా అంటుంటాడు. కార్ఖానా ఆఫీసు గదుల్లో కూర్చోబెట్టి అడిగారు. దొంగ ఫారాలు కావు, ఎదురుగా మనుషులున్నారు, జవాబులు వాళ్లవే."

"మరి చెల్లనివి?"

"వాటిలో ఒకమ్మాయి రాస్తున్న ప్రతి మాటా పైకి చదువుతోంది. ఎదురుగా ఎవరో ఒకావిడ దిద్దుతోంది. వెనకాల పిక్కలు కొడుతున్న చప్పుడు. రెండు వందల పన్నెండు ఫారాలు, రెండు వందల పన్నెండు వేరువేరు గొంతులు. ఇంట్లో కూర్చుని ఇంతమంది గొంతులు ఎవరూ పెట్టలేరు."

నేను వరండాలోకి వెళ్లి గోడకి ఆనుకుని ఏడ్చాను. సంతోషంతోనే. కొంత సిగ్గుతో కూడా. తిరిగి లోపలికి వచ్చేసరికి ఫిరోజా గారు నాకోసం నీళ్ల గ్లాసు పెట్టి ఉంచారు.

"ఇంకా అయిపోలేదు," అన్నారావిడ. "ఫలితం బయటపెట్టే సభలో గొంతులు వినిపించాలంటే ఆ ఆడవాళ్ల అనుమతి కావాలి. మీ అమ్మ గారిది కూడా. అది ఒకటి. గొంతులున్నాయి సరే, వేళ్లేవి అని త్రినాథరావు గారు అడుగుతారు. అడగాలి కూడా, ఆయన స్థానంలో ఉంటే నేనైనా అడుగుతాను. ఆ ముద్రల్లో గీతలెందుకు లేవో నాకు అంతుపట్టలేదు. నీ యంత్రం దానికి జవాబు చెప్పదు."

మర్నాడు పొద్దున్న అమ్మ బల్లకి బయల్దేరే ముందు చోడి అంబలి తాగుతోంది. ఎదురుగా కూర్చుని, నీ ఫారాలు విన్నారమ్మా, దొంగవి కావని తేలింది అని చెప్పాను. పద్నాలుగేళ్లకి మోసుకొచ్చిన శుభవార్త. పట్టుకుని ఏడుస్తుందనుకున్నాను.

అమ్మ గ్లాసు కింద పెట్టింది. "ఎవురు విన్నారు?"

"మా మేడమ్, ఇంకో ఇద్దరు."

"ఎవుర్నడిగి విన్నారు? మీ మాట ఈ కాయితం దాటి ఎక్కడికీ ఎల్లదని ఆళ్ల సేతిలో సెయ్యేసి సెప్పినాను. కార్ఖానా వోడికి తెలిస్తే పనిలోంచి తీసేస్తాడని ఎంత బయపడినారో నీకు తెల్దు. నాకు మంచిపేరు రావాలని ఆళ్ల మాటలు బజార్న పెడతావేటి?"

నాకు ఒళ్లు మండింది. నీ కోసమే కదా అని అరవబోయి ఆగాను. ఆవిడ అన్నది నిజం. విన్న కాగితాల వెనక మనుషులున్నారని ఏడు పుస్తకాలు కూల్చిన నాకు తట్టలేదు, అర్జీలు రాసుకునే మా అమ్మకి తట్టింది.

"పోనీలే, వద్దు," అన్నాను. "వినిపించినా లాభం లేదు. వేలిముద్రల సంగతి తేలదు కదా."

"ఏ ఏలిముద్రలు?"

ఇక దాచడానికేం మిగల్లేదు. భూతద్దం, గీతలు, రబ్బరు ముక్క, అనుబంధంలో రెండు పేజీలు, పరీక్షలో నాకొచ్చిన పద్నాలుగున్నర మార్కులు, అన్నీ చెప్పేశాను. అమ్మ కదలకుండా విన్నది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వి కొంగుతో తుడుచుకుంది.

"ఒలే విరజా, పిక్కలు కొట్టినోళ్ల బొటనేలికి గీతలేటే? జీడి రసం తోలు తినేస్తాది. బూడిద రాసుకున్నా ఆగదు, ఆవదం రాసుకున్నా ఆగదు. ఏడాది తిరిగేసరికి ఏలు గాజుపలకలాగ అయిపోతాది. ఆ సంగతి బొడ్డవలసలో ఎవుర్నడిగినా సెప్తారు."

"మరి మిగతావాళ్ల ఫారాల్లో గీతలెలా వచ్చాయి?"

"ఆళ్లు ఆఫీసు గదిలో కూకున్నారు. ఆఫీసు పక్కనుండేది పప్పు మీద పొట్టు తీసే గది. పొట్టు తీసేవోళ్లకి రసం అంటదు, సేతులు సుబ్బరంగా ఉంటాయి. మేనేజరు ఆళ్లనే పిలిసి కూకోబెట్టేవోడు. కొట్టేవోళ్లు ఎనకాల పాకలో ఉంటారు. పొగ, మసి, కూకోడానికి సోటుండదు. నాను అక్కడికి ఎల్లినాను."

"నువ్వొక్కదానివే ఎందుకెళ్లావు?"

"ఫేను కింద కూకుంటే నాకు నిద్రొచ్చీసీది," అంది అమ్మ.

ఫారాలు గీతల కోసం చూసి తోసేశారని నాకు తెలుసు. ఆ వేళ్లకి గీతలుండవని అమ్మకి తెలుసు. రెండు ముక్కలూ ఒకే ఇంట్లో, ఒకే గిన్నెలో అన్నం తింటూ పద్నాలుగేళ్లున్నాయి. ఒక్కసారి నోరు విప్పి ఉంటే ఆనాడే తేలిపోయేది. వినే యంత్రం చేయడానికి ఆరేళ్లు ఖర్చు పెట్టాను, మా అమ్మని అడగడానికి ఆరు నిమిషాలు పెట్టలేదు.

"నన్ను సూసి సిగ్గుపడ్డావా?" అని అడిగింది.

"పడ్డానమ్మా."

అమ్మ మిగిలిన అంబలి నా ముందుకి జరిపింది. "తాగు. బొడ్డవలస బస్సు ఎన్ని గంటలకో సూడు. ఆళ్లనడక్కుండా ఒక్క మాట కూడా వినిపించడానికి ఈల్లేదు."

బొడ్డవలసలో అమ్మకి ప్రతి సందూ గుర్తుంది. ఎవరెవరి దగ్గర ఏ పాకలో ఏ ఫారం రాసిందో వేళ్ల మీద చెప్పింది. రెండు వందల పన్నెండు మందిలో నలభై ముగ్గురు దొరికారు. మిగతావాళ్లు కొందరు ఊరు వదిలారు, చాలామంది లోకం వదిలారు. దొరికిన ప్రతి ఒక్కరి దగ్గరా అమ్మ ఒకటే మాట చెప్పింది. ముందు మీరు వినండి, వద్దంటే ఇక్కడే ఆపేస్తాం అని. తొమ్మిదిమంది వద్దన్నారు. అమ్మ రెండోసారి అడగలేదు.

గవరమ్మకి డెబ్బై దాటాయి. చూపు సరిగ్గా లేదు గానీ అమ్మ గొంతు వినగానే గుర్తుపట్టింది. అరుగు మీద కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టాను. వినే పరీక్ష అప్పటికే ముగిసింది కాబట్టి రెండో జత నేనూ పెట్టుకున్నాను. ఆ ఫారాల్లోని అమ్మ గొంతు నేను వినడం అదే మొదటిసారి. నాకంటే చిన్నపిల్ల గొంతు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, చే... తు... లు... మం... ట అంటోంది. దాని మీద పడుతూ ఇంకో గొంతు గట్టిగా, "మంట కాదే పిల్లా. మంటయితే తగ్గుతాది. మా ఆడగుంటకి జడేస్తే జుట్టు సేతికి తెలట్లేదు. అదీ రాయి," అంది. పక్కన ఎవరో పకపకా నవ్వారు.

గవరమ్మ రెండు చేతులతో హెడ్‌ఫోన్స్ అదుముకుంది. "ఆ నవ్వింది మా సెల్లి నూకాలు. అది పోయి పదేళ్లయింది. మళ్లీ పెట్టమ్మా," అంది. మూడుసార్లు పెట్టాను. తర్వాత చెవుల్నించి తీసి నా ఒళ్లో పెట్టి, "వినిపించండి. ఇప్పుడు నన్ను పన్లోంచి ఎవడు తీసేస్తాడు?" అంది.

సభ మా సంస్థలోనే పొద్దున్న పదకొండింటికి పెట్టారు. త్రినాథరావు గారికి డెబ్బై తొమ్మిదేళ్లు. కర్ర పట్టుకుని వచ్చారు. చొక్కా జేబులో ఆ ఇత్తడి పిడి భూతద్దం అలాగే ఉంది. పుస్తకంలో ఫొటో చూసి నేను పద్నాలుగేళ్లుగా ద్వేషించిన మనిషి దగ్గరగా చూస్తే చేతులు వణికే ముసలాయన. నేను మాట్లాడకూడదు కాబట్టి వెనక వరసలో కూర్చున్నాను.

గొంతులు వినిపించారు. గవరమ్మ మాట దగ్గర త్రినాథరావు గారు కళ్లు మూసుకున్నారు. అయిపోయాక లేచి నిలబడి, ఫిరోజా గారు చెప్పినట్టే అడిగారు.

"మాటలు నిజమైనవే. నేను ఒప్పుకుంటున్నాను. కానీ వెయ్యి రెండు వందల ఎనిమిది ముద్రల్లో గీతలుండి, ఈ రెండు వందల పన్నెండింటిలో లేకపోవడానికి కారణం కావాలి. అది తేలకుండా నా నియమం తప్పని నేను అనలేను. దమయంతి గారు చెప్పగలరా?"

అమ్మ లేచింది. పేరు పెట్టి పిలిచేసరికి ఒక్క క్షణం తడబడింది. "నాను సెప్తే నా మాటవుద్ది సార్. మీరే సూడండి. సిరా దిమ్మ ఇప్పించండి," అంది.

బొడ్డవలస నుంచి అమ్మతో వచ్చినవాళ్లు పద్నాలుగు మంది. కొందరు ముసలివాళ్లు, కొందరు ఇప్పుడు పనిచేస్తున్న పడుచువాళ్లు. ఒక్కొక్కరే తెర వెనక్కి వెళ్లి చిన్న కాగితం మీద బొటనవేలి ముద్ర వేసి వచ్చారు. ఎవరి పనేదో కాగితాల వెనక గుర్తు పెట్టి, ఫిరోజా గారే అన్నీ కలిపేసి బల్ల మీద పరిచారు.

"ఈళ్లలో పిక్కలు కొట్టేవోళ్లున్నారు, పొట్టు తీసేవోళ్లున్నారు," అంది అమ్మ. "ఎవురే పనో సెప్పను. ఎంతమందో కూడా సెప్పను. పోల్చి సూడకుండా ఏదీ నమ్మొద్దని మీరే కదా సార్ ట్రైనింగులో నేర్పినారు."

త్రినాథరావు గారు అమ్మ వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అందులో కోపం లేదు. మంచి విద్యార్థిని చూసినప్పుడు మేష్టర్లు చూసే చూపు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని భూతద్దం తీశారు. ఒక్కో ముద్రా చూసి కుడివైపో ఎడమవైపో పెడుతూ పోయారు. అరగంట పట్టింది. ఎడమవైపు పదకొండు, కుడివైపు మూడు తేలాయి.

"ఇవి గీతలు లేనివి, ఇవి ఉన్నవి," అన్నారు. ఫిరోజా గారు కాగితాల వెనక గుర్తులు చూసి ఒక్కొక్కరి పనీ పైకి చదివారు. పదకొండుమందీ పిక్కలు కొట్టేవాళ్లు. ముగ్గురూ పొట్టు తీసేవాళ్లు. పద్నాలుగుకు పద్నాలుగు.

గవరమ్మ మెల్లగా ఆయన దగ్గరికి వెళ్లి చెయ్యి చాపింది. "సూడు బాబూ, ముట్టుకుని సూడు."

ఆయన ఆ బొటనవేలిని తన రెండు వేళ్లతో పట్టుకుని తడిమారు. "వెయ్యిమందికి పైగా పొట్టు తీసేవాళ్లని అడిగి, పిక్కలు కొట్టేవాళ్ల గురించి పుస్తకం రాశాను. ఎవరి చేతులు పాడయ్యాయో వాళ్లు నా దగ్గరికి వస్తే, చేతులు పాడయ్యాయని వాళ్లనే బయటికి తోసేశాను. అది నా నియమం. దాన్ని గొప్పగా చెప్పుకున్నాను కూడా." ఆయన భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఈ రెండు వందల పన్నెండు ఫారాలూ చెల్లుతాయి. నా పుస్తకం చెల్లదు."

ముందు ఎవరు చప్పట్లు కొట్టారో తెలియదు. తర్వాత హాలంతా కొట్టింది. నేను మాట్లాడకూడదన్నారు గానీ చప్పట్లు కొట్టకూడదని ఎవరూ అనలేదు. అరచేతులు ఎర్రబడేదాకా కొట్టాను. ఎన్ని పుస్తకాలు కూల్చినా నాకు రాని సంతోషం ఆ రోజు వచ్చింది, ఎందుకంటే ఈసారి కూలింది ఒకటైతే లేచి నిలబడ్డవి రెండు వందల పన్నెండు. నాలుగు నెలల తర్వాత చేతుల జబ్బు జాబితాలోకి ఎక్కింది. గవరమ్మ మనవరాలు ఇప్పుడు తొడుగులు వేసుకుని పిక్కలు కొడుతోంది.

అది తర్వాతి సంగతి. ఆ మధ్యాహ్నం ఇంకో పని మిగిలింది. పుస్తకం అనుబంధానికి సవరణ అప్పటికప్పుడే రాయాలని త్రినాథరావు గారు పట్టుబట్టారు, తనకి రేపటి మీద నమ్మకం లేదన్నారు. చేతులు వణుకుతుంటే అక్షరం సాగలేదు. కాగితం, పెన్ను, అట్ట అమ్మ వైపు జరిపారు. "నేను చెబుతాను, మీరు రాయండమ్మా."

ఆయన చెప్పడం, అమ్మ రాయడం. రాస్తూ అలవాటు ప్రకారం ప్రతి మాటా పైకి చదువుతోంది.

"శిక్షణలో చెప్పాను కదమ్మా, రాస్తూ పైకి చదవొద్దని," అన్నారాయన నవ్వుతూ.

"సెప్పినారు సార్. నానే వినలేదు," అంది అమ్మ తల ఎత్తకుండా.

"ఎన్... యూ... మ... రే... టర్... డి... తెచ్చిన... ఫా... రా... లు..."

"ఆగే పిల్లా," అంది గవరమ్మ. "డి ఏటి? మా పాకకి వచ్చిందానికి పేరు లేదేటి? అలక్కాదు, పేరు రాయి."

అమ్మ పెన్ను ఆగింది. త్రినాథరావు గారు తలూపారు. అమ్మ ఆ అక్షరాన్ని ఒక్క గీతతో కొట్టేసి, దాని పక్కనే రాయడం మొదలుపెట్టింది. వెనక వరసలో ఉన్న నాకు కూడా స్పష్టంగా వినిపించేంత గట్టిగా చదువుతూ రాసింది.

"పై... ల... ద... మ... యం... తి."

ఆ కాగితాన్ని నేను ఇప్పటిదాకా యంత్రంలో పెట్టలేదు. పెట్టాల్సిన పని లేదు, హాల్లో ఉన్నవాళ్లందరం విన్నాం.